గగన్ నారంగ్‌ది ఒక్క కాంస్యమేగా అనేవాళ్ళకి ఏం చెప్పాలి?

నల్లకుంట_అబ్బాయ్

ఎక్కడ తుపాకీ షూటింగ్ ఆట మాట వచ్చినా ఇదే వింటున్నా. అభినవ్ బింద్రా అంటే బీజింగ్ ఒలింపిక్స్ బంగారం, మను భాకర్ అంటే పారిస్‌లో రెండు పతకాలు, మరి మన గగన్ నారంగ్? "ఆఁ, లండన్‌లో ఏదో కాంస్యం వచ్చింది కదా" అని వదిలేస్తారు. 2004 ఏథెన్స్ నుంచి 2016 రియో దాకా నాలుగు ఒలింపిక్స్ ఆడాడు, కామన్వెల్త్‌లో ఎనిమిది బంగారాలు, ప్రపంచ రికార్డు, ఖేల్ రత్న, ఇవన్నీ ఆ ఒక్క ముక్కలో కొట్టుకుపోతాయి. నేను షూటర్ని కాదు. రైఫిల్ ముట్టుకున్నది ఎన్‌సీసీ క్యాంపులోనే, అదీ మూడు గుళ్ళు బోర్డుకి, మిగతావి మట్టిదిబ్బకి. కానీ ఈ లెక్క ఎక్కడో తేడాగా ఉందనిపిస్తోంది. అభిమానం పక్కన పెట్టి చెప్పండి, అసలు ఈయన ఎంత పెద్ద ఆటగాడు?

బెజవాడ_బాబాయ్

అభిమానం పక్కన పెట్టమన్నావు కాబట్టి నేనే మొదలెడతా. ఒలింపిక్స్‌లో ఏం కొట్టాడు అన్నదే లెక్క అబ్బాయ్. మిగతావన్నీ వాళ్ళింటి షోకేసులోకి. కామన్వెల్త్‌లో చైనా ఉండదు, కొరియా ఉండదు, జర్మనీ ఉండదు, రష్యా ఉండదు. ఎనిమిది కాదు ఇరవై తెచ్చినా దాని విలువ దానిదే. బింద్రా బీజింగ్‌లో ఆఖరి గుండు 10.8 (ఒక షాట్‌కి గరిష్ఠం 10.9) పేల్చాడు చూడు, పక్కవాడితో సమానంగా ఉన్నప్పుడు! దాన్నంటారు ఆట.

లెక్కల_మాస్టారు

బాబాయ్ గారు వస్తారని తెలుసు, ఇంత త్వరగా వస్తారనుకోలేదు.

బింద్రా 10.8 గురించి ఎవరికీ గొడవ లేదండి. కానీ మీరు చైనా, జర్మనీ అన్నారు కాబట్టి వాళ్ళందరూ ఉన్న పోటీ గురించే చెబుతా. 2008 నవంబర్ 4, బ్యాంకాక్, ప్రపంచకప్ ఫైనల్. ఆ ఏడాది ప్రపంచకప్‌లలో బాగా ఆడినవాళ్ళని మాత్రమే పిలుస్తారు దానికి, అందరికీ ప్రవేశం ఉండదు. అక్కడ పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో గగన్ క్వాలిఫికేషన్‌లో, అంటే ఫైనల్‌కి ముందు 60 షాట్ల రౌండ్లో, 600కి 600 కొట్టాడు. ఫైనల్ పది షాట్లకి 103.5. మొత్తం 703.5, ప్రపంచ రికార్డు. అంతకుముందు రికార్డు ఆస్ట్రియా షూటర్ థామస్ ఫార్నిక్ పేరున ఉండేది, 703.1.

తర్వాత 2010లో ఢిల్లీ కామన్వెల్త్‌లో తుగ్లకాబాద్ రేంజ్‌లో మళ్ళీ 600. అక్కడ చైనా లేదనే అనుకోండి, టార్గెట్‌కి ఆ సంగతి తెలీదుగా. చైనావాడు పక్క లేన్‌లో ఉన్నా లేకపోయినా పది చుక్క సైజు అదే.

బెజవాడ_బాబాయ్

చుక్క సైజు అదే, మన గుండె కొట్టుకోవడమే తేడా మాస్టారూ. పక్కన ఎవడున్నాడో తెలిస్తే చెయ్యి వణకదూ?

పెల్లెట్_పురాణం

నేను రైఫిల్ షూటర్నే, స్టేట్ లెవెల్ దాటి పెద్దగా ముందుకెళ్ళలేదు, అయినా రేంజ్‌లో చాలా ఏళ్ళే గడిపా. 600 అంటే ఏంటో చెప్పనా, టీవీలో చూస్తే తెలీదు.

పది మీటర్ల దూరంలో టార్గెట్. దాని మీద పది అనే చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్. అర మిల్లీమీటర్ అండీ, పెన్నుతో ఒక్కసారి పొడిస్తే పడే చుక్క. మన పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, చుక్క కంటే పెల్లెటే పెద్దది. పెల్లెట్ అంచు ఆ చుక్కని తాకితే చాలు పది ఇస్తారు, అంటే పెల్లెట్ నడిబొడ్డు అసలు కేంద్రానికి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడాలి. నిలబడి, ఐదు కిలోల పైచిలుకు బరువున్న రైఫిల్ పట్టుకుని, అలా అరవై సార్లు. ఒక్కటి రెండున్నర దాటినా 599.

మాలాంటివాళ్ళకి మంచి రోజున యాభై, యాభై ఒకటో షాట్ దాకా బాగానే వెళ్తుంది. అప్పుడు మానిటర్ వంక చూస్తాం. అక్కడే పోతుంది. "ఇంకొక్క పది షాట్లు" అని మనసులో అనుకున్న క్షణానే ట్రిగ్గర్ మీద వేలు గట్టిపడుతుంది, వెంటనే తొమ్మిది. అందుకే చాలామంది కోచ్‌లు స్కోర్ కూడుకోవద్దంటారు. చెప్పడం తేలికే, ఎదురుగా స్క్రీన్ వెలుగుతుంటే కూడకుండా ఎలా ఉంటాం? అరవైకి అరవై పూర్తి చేసినవాడు చివరి సిరీస్‌లో, అంటే చివరి పది షాట్లలో, ఏం ఆలోచించి ఉంటాడా అని నాకు ఇప్పటికీ అనుమానం.

ఒంటిచేతి_పిస్తోలు

రైఫిల్ వాళ్ళ బాధలు మొదలయ్యాయి 😄

అన్నా, మీకు బిగుతైన జాకెట్, ప్యాంటు, బూట్లు, చేతికి గ్లవ్, ఎడమ మోచేయి నడుం ఎముక మీద ఆనించుకునే సదుపాయం. అవన్నీ వేసుకుని లేన్ దాకా నడుస్తుంటే పెంగ్విన్లు వెళ్తున్నట్టుంటుంది. మాకేముంది? ఒక టీషర్టు, ఒక చెయ్యి. రెండో చెయ్యి జేబులో. పిస్తోలు కిలోన్నర లోపే, కానీ భుజం చివర్న చాచిపెట్టి పట్టుకోండి ఓసారి, తెలుస్తుంది. మా పది వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, మీ చుక్క కంటే చాలా పెద్దది, ఒప్పుకుంటా. అయినా పిస్తోల్లో 600 కొట్టినవాడు లేడు. 590 దాటితేనే రేంజంతా లేచి చూస్తుంది.

పెల్లెట్_పురాణం

పెంగ్విన్ మాట నిజమే చెల్లెమ్మా, కాదనను. ఏసీ లేని రేంజ్‌లో మే నెలలో ఆ జాకెట్ వేసుకుని నిలబడి చూడు మరి. చెమట బనీను దాటి లెదర్‌లోకి దిగుతుంది, జాకెట్ మెత్తబడుతుంది, అప్పటిదాకా దొరికిన స్టాన్స్ (నిలబడే తీరు) కాస్తా పోతుంది. పైగా మ్యాచ్ ముందు ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో ఆ బట్ట ఎంత గట్టిగా ఉందో మిషన్‌తో కొలుస్తారు, హద్దు దాటితే వేసుకోనివ్వరు. జాకెట్ నిలబెడుతుంది అనుకునేవాళ్ళకి చెబుతున్నా, అది వెన్నుని కాపాడుతుందేగానీ పది తెచ్చిపెట్టదు.

నల్లకుంట_అబ్బాయ్

ఇదంతా బాగుంది గానీ నా ప్రశ్నకి రండి. లండన్ సంగతి? ఫైనల్లో తడబడి కాంస్యంతో సరిపెట్టుకున్నాడు అంటారు కదా.

లెక్కల_మాస్టారు

ఎవరండీ అన్నది? స్కోర్ షీట్ చూడకుండా మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

2012 జూలై 30. అప్పటి నియమం ప్రకారం క్వాలిఫికేషన్ 60 షాట్ల స్కోర్‌కి ఫైనల్ పది షాట్ల స్కోర్ కలుపుతారు. క్వాలిఫికేషన్‌లో రొమేనియా మోల్దొవియాను 599, ఇటలీ కాంప్రియాని 599, గగన్ 598. బింద్రా ఆ రోజు 594తో ఫైనల్‌కే రాలేదు. ఇక ఫైనల్. మోల్దొవియాను 103.1. కాంప్రియాని 102.5. గగన్? 103.1.

మళ్ళీ చదవండి. బంగారం గెలిచినవాడూ గగనూ ఫైనల్లో సమానం. మొత్తం కలిపితే 702.1, 701.5, 701.1. బంగారానికీ కాంస్యానికీ మధ్య తేడా సరిగ్గా ఒక్క పాయింటు, అదీ పొద్దున క్వాలిఫికేషన్‌లో పోయిన పాయింటు. నాలుగోవాడు చైనా వాంగ్ తావో 700.4 మీద ఊపిరి ఆడనివ్వకుండా వెనకే ఉన్నాడు, అప్పుడు ఆఖరి షాట్ 10.7 పేల్చాడు గగన్. బాబాయ్ గారూ, మీ 10.8కీ ఈ 10.7కీ మధ్య దూరం పావు మిల్లీమీటర్.

బెజవాడ_బాబాయ్

పావు మిల్లీమీటరే కావచ్చు, ఆ ఒక్క పాయింటు పొద్దున ఎందుకు పోగొట్టుకున్నాడు మరి? 600 వీరుడు కదా? బ్యాంకాక్‌లో వచ్చింది లండన్‌లో రాలేదంటే నా మాటే నిజమైందిగా, ఒలింపిక్స్ టెన్షన్ వేరు.

లెక్కల_మాస్టారు

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, నిజంగానే మంచి ప్రశ్న. ఒక్కటే అంటాను. 598 అంటే ఎవరూ సిగ్గుపడే స్కోర్ కాదు, మొత్తం మూడో స్థానం. మీరన్న టెన్షన్ ఆయన్ని మింగేసి ఉంటే ఫైనల్లో 103.1 రాదు.

పెల్లెట్_పురాణం

లండన్ కంటే బీజింగే పెద్ద దెబ్బ, అది ఎవరూ మాట్లాడరు. 2008 ఆగస్టు, బింద్రా బంగారం గెలిచిన అదే ఈవెంట్. గగన్ 595. ఎనిమిది మందికే ఫైనల్. ఎనిమిదోవాడిదీ 595. సమానమైతే ఏం చేస్తారు? చివరి సిరీస్ నుంచి వెనక్కి లెక్క చూస్తారు, కౌంట్ బ్యాక్ అంటారు దాన్ని. అందులో పోయి తొమ్మిదోవాడయ్యాడు. బింద్రా 596, ఒక్క పాయింటు ఎక్కువ. ఆ ఒక్క పాయింటుతో లోపలికి వెళ్ళినవాడు చరిత్రలోకెళ్ళాడు. బయట మిగిలినవాడు, అదే జట్టులో, బహుశా అదే రోజు అదే బస్సులో తిరిగి వెళ్ళాల్సినవాడు, చప్పట్లు కొట్టాలి. కొట్టక తప్పుతుందా?

అది జరిగి మూడు నెలలు తిరక్కుండానే బ్యాంకాక్ 600. నాకు ఆ రికార్డు కంటే ఈ మూడు నెలల దూరమే గొప్పగా అనిపిస్తుంది. నేనైతే రైఫిల్ అటక మీద పెట్టేసి ఉండేవాణ్ణి.

డల్లాస్_రాజు

ఆలస్యంగా వచ్చా, అన్నీ చదివా. ఒక సందేహం. గగన్ నారంగ్ తెలుగువాడు ఎలా అయ్యాడు? "మన గగన్" అంటున్నారు అందరూ.

చార్మినార్_చాయ్

వచ్చాడండీ సర్టిఫికెట్లు చూసే ఆఫీసర్. పుట్టింది చెన్నైలో, వాళ్ళ కుటుంబం మూలాలు హర్యానా వైపు, పెరిగింది హైదరాబాద్‌లో. రైఫిల్ పట్టిందీ ఇక్కడే. 2003లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్ మన ఊళ్ళో జరిగినప్పుడు బంగారం గెలిచిందీ ఇక్కడే. ఇంకేం కావాలి నీకు, గోంగూర తిన్నట్టు వీడియోనా?

డల్లాస్_రాజు

అడిగానంతే బ్రో, కోపమెందుకు. నేను ఉండేదీ డల్లాస్‌లో, రాజుని అని చెప్పుకోవడం మానలేదుగా.

మోడరేటర్

ఊరు, కులం, ప్రాంతం చర్చ ఇంతటితో ఆపండి. ఆట గురించి రాయండి.

కూకట్‌పల్లి_అమ్మ

నమస్కారం అండి. నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా పాప ఏడో తరగతి, పారిస్ ఒలింపిక్స్ చూసిన దగ్గర్నుంచి షూటింగ్ నేర్చుకుంటానని ఒకటే గొడవ. మావారేమో అది డబ్బున్నవాళ్ళ ఆట, మనకెందుకు అంటున్నారు. గగన్ వాళ్ళు కూడా డబ్బున్నవాళ్ళేనా? ఎంతవుతుందో ఎవరైనా చెప్తారా?

పెల్లెట్_పురాణం

అమ్మా, మీవారన్నది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా నిజమూ కాదు. గగన్ వాళ్ళ నాన్నగారు ఎయిర్ ఇండియాలో ఉద్యోగి. కొడుక్కి మంచి రైఫిల్ కొనడానికి స్థలం అమ్మేశారని, చాలా ఏళ్ళు అద్దె ఇంట్లోనే ఉన్నారని లండన్ పతకం వచ్చినప్పుడు పేపర్లన్నీ రాశాయి. కోటలూ గన్‌రూములూ ఉన్న ఇల్లు కాదది. మన మధ్యతరగతి ఇల్లే, కాకపోతే ఇంటికోసం దాచుకున్నది తుపాకీలో పెట్టిన ఇల్లు.

ఇక ఖర్చు. మొదట్లో ఏమీ కొనకండి, ప్లీజ్. షాపువాడు ఏం చెప్పినా సరే. అకాడమీలో వాళ్ళ రైఫిలో పిస్తోలో ఇస్తారు, నెల ఫీజు, పెల్లెట్ల ఖర్చు, అంతే. పాపకి అది పట్టుబడుతుందో లేదో కొన్ని నెలల్లో తెలిసిపోతుంది. మ్యాచ్ గ్రేడ్ విదేశీ ఎయిర్ రైఫిల్, వాల్తరో ఫైన్‌వెర్క్‌బౌనో కొత్తది కావాలంటే లక్షల్లో మాట. రైఫిల్ అయితే దానిపైన జాకెట్, ప్యాంటు, బూట్లు. పిల్లలు ఎదుగుతారు కదా, జాకెట్ ఏడాదిన్నరకే పట్టదు. అందుకని సెకండ్ హ్యాండ్ జాకెట్లు రేంజ్‌లో ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంటాయి, సిగ్గుపడకుండా అడగండి. పోటీలకి వాడే ఎయిర్ రైఫిల్‌కి, ఎయిర్ పిస్తోలుకి లైసెన్స్ గొడవ లేదు. పాయింట్ టూటూ అంటే నిప్పుతో పేలేది, దానికి లైసెన్స్, గుళ్ళ కోటా, చాలా ఉంటుంది. మీకిప్పుడే అక్కర్లేదు.

ఒంటిచేతి_పిస్తోలు

అక్కా, పిస్తోలుకి పంపండి. జాకెట్ ఖర్చుండదు 😄 నిజంగానే చెబుతున్నా, బడ్జెట్ తక్కువైతే పిస్తోలే నయం.

మన ఈషా సింగ్‌ని చూడండి. 2005లో పుట్టింది, హైదరాబాద్ అమ్మాయి. పదమూడేళ్ళకే 2018 నేషనల్స్‌లో మను భాకర్‌ని, హీనా సిద్ధూని దాటి సీనియర్ టైటిల్ గెలిచింది. వాళ్ళ నాన్నగారు కార్ ర్యాలీలు నడిపిన మనిషి, కూతురి కోసం అవి పక్కన పెట్టేశారు. తర్వాత హాంగ్జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు, అందులో 25 మీటర్ల టీమ్ బంగారం ఒకటి. పారిస్‌లో 25 మీటర్ల పిస్తోల్లో 18వ స్థానం, ఫైనల్ దాకా రాలేదు. బాబాయ్ గారి లెక్కలో అయితే ఆ అమ్మాయి కూడా సున్నానే అనుకుంటా.

బెజవాడ_బాబాయ్

నేను అలా అన్నానా అమ్మాయ్? చిన్న పిల్ల, ముందు చాలా ఉంది. నేననేది ముగిసిన కెరీర్ గురించి. ముగిశాక లెక్క తీయాలిగా. ఆసియా క్రీడల్లో ఒక్క బంగారమైనా ఉందా గగన్‌కి? అది చెప్పండి.

లెక్కల_మాస్టారు

లేదు. 2010 గ్వాంగ్‌జౌలో రజతం. గెలిచినవాడు ఝు చినాన్, ఏథెన్స్ ఒలింపిక్ ఛాంపియన్. అదే ఏడాది మ్యూనిక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం, దాంతోనే లండన్‌కి బెర్తు దొరికింది, రెండేళ్ళు ముందుగానే. మీ ఖాతాలో రాసుకోండి, నేనేం దాచను.

కానీ మీరు ఒకటి గమనించాలి. 2013లో ఈ ఆట నియమాలు తిరగరాశారు. అంతవరకూ క్వాలిఫికేషన్‌లో పది అంటే పదే, 10.0 అయినా 10.9 అయినా ఒకటే. అప్పట్నుంచి ఎయిర్ రైఫిల్ క్వాలిఫికేషన్‌లో కూడా దశాంశాలు లెక్కపెడుతున్నారు, గరిష్ఠం 654. అంటే 600 అనే మాటే లేకుండా పోయింది, ఇక ఎవడూ దాన్ని కొట్టలేడు, దాటలేడు. రెండోది, ఫైనల్‌కి వచ్చినవాళ్ళందరికీ సున్నా నుంచి మొదలు. పొద్దున ఎంత బాగా పేల్చినా ఫైనల్‌కి పనికిరాదు.

ఇప్పుడు తమాషా చూడండి. ఆ రెండో నియమమే లండన్‌లో ఉండి ఉంటే? 103.1, 103.1. ఇద్దరూ సమానం, అంటే మోల్దొవియానుతో షూట్ ఆఫ్, ఇంకో షాట్ పేల్చి తేల్చుకోవడమే.

నల్లకుంట_అబ్బాయ్

వామ్మో. ఇది నేనెక్కడా చదవలేదు.

బెజవాడ_బాబాయ్

ఉండి ఉంటే, ఉండి ఉంటే... అత్తకి మీసాలుంటే అన్నట్టు. పైగా ఆ నియమం ఉండి ఉంటే ఎలిమినేషన్ కూడా ఉండేది, ఒక్కొక్కణ్ణి ఇంటికి పంపుతుంటే ఆడే ఆటే వేరు. కొత్త నియమాలు వచ్చాక రియోలో ఏం చేశాడు?

పెల్లెట్_పురాణం

ఎలిమినేషన్ సంగతి బాబాయ్ గారు కరెక్ట్‌గా పట్టుకున్నారు. ఎవరో ఒకరు బయటికెళ్తుంటే, వెనక జనం అరుస్తుంటే, సంగీతం మోగుతుంటే పేల్చడం పాతతరం వాళ్ళకి అలవాటు లేని పని. పాత ఫైనల్లో పది షాట్లు, అందరూ ఆఖరిదాకా ఉండేవాళ్ళు.

రియోలో ఎయిర్ రైఫిల్ 23వ స్థానం. 50 మీటర్ల ప్రోన్‌లో 13. త్రీ పొజిషన్స్‌లో 33. మూడు ఈవెంట్లు ఒకే ఒలింపిక్స్‌లో ఆడటం ఎంత పనో చెబుతా. ఎయిర్ రైఫిల్ గాలితో, గదిలో. 50 మీటర్లు ఆరుబయట, పాయింట్ టూటూ, గాలివాటం చూసుకోవాలి, ప్రోన్ అంటే బోర్లా పడుకుని చేతికి స్లింగ్ (పట్టీ) బిగించి. త్రీ పొజిషన్స్‌లో మోకాళ్ళ మీద ఒకసారి, పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి. మూడింటికీ శరీరం వేరేలా కుదరాలి. బింద్రా ఎక్కువగా ఎయిర్ రైఫిల్ మీదే ఉన్నాడు. గగన్ మూడూ మోశాడు. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో ఆయన పతకాలు ప్రోన్‌లో రజతం, త్రీ పొజిషన్స్‌లో కాంస్యం, ఎయిర్ రైఫిల్లో కాదు. మోయకుండా ఒక్కదాని మీదే ఉండాల్సిందా? నా అభిప్రాయం అవుననే. 2008 ఫామ్‌లో ఉన్న మనిషి ఎయిర్ రైఫిల్ మీదే కూర్చుని ఉంటే బాగుండేది. మా రేంజ్‌లో దీనిమీద కొట్టుకుంటాం.

రియో తర్వాత ఇంకో దెబ్బ, పురుషుల ప్రోన్‌ని ఒలింపిక్స్ నుంచే తీసేశారు. దాంతోపాటు 50 మీటర్ల పిస్తోలు, డబుల్ ట్రాప్ (గాల్లోకి వదిలే జంట బిళ్ళల్ని పేల్చే ఈవెంట్) కూడా. వాటి స్థానంలో మిక్స్‌డ్ టీమ్‌లు (ఒక మగ, ఒక ఆడ షూటర్ కలిసి ఆడేవి) తెచ్చారు. ఆయనకి మిగిలిన ఆశ ప్రోనే, అది కాస్తా పోయింది.

ఒంటిచేతి_పిస్తోలు

50 మీటర్ల పిస్తోలు తీసేసినందుకు మేం ఇప్పటికీ ఏడుస్తున్నాం, ఎందుకు గుర్తుచేస్తారు అన్నా.

అసలు లండన్‌లో విజయ్ కుమార్ని ఎవరైనా తలుచుకుంటున్నారా? 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో రజతం, గగన్ కంటే ఒక మెట్టు పైన. ర్యాపిడ్ ఫైర్ అంటే ఐదు టార్గెట్లకి ఐదు గుళ్ళు, చివరి సిరీస్‌లకి నాలుగే సెకన్లు. నాలుగు సెకన్లలో చెయ్యి పైకెత్తి, ఐదుసార్లు ట్రిగ్గర్ నొక్కి, ఒక టార్గెట్ నుంచి ఇంకోదానికి జరగాలి. క్యూబా వాడు ల్యూరిస్ పూపో 34తో గెలిచాడు, మనవాడు 30. బాబాయ్ గారి లెక్కన రజతం కాంస్యం కంటే గొప్ప కదా, మరి విజయ్ కుమార్ పేరు ఎంతమందికి తెలుసు?

ఇదే ఈవెంట్‌లో హంగరీ సైనికుడు కారోలీ తకాచ్ ఉన్నాడు. 1938లో శిక్షణలో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోయింది, పిస్తోలు పట్టే చెయ్యి. ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో నేర్చుకున్నాడు. యుద్ధం వల్ల రెండు ఒలింపిక్స్ జరగలేదు. చివరికి 1948 లండన్‌లో బంగారం, 1952 హెల్సింకిలో మళ్ళీ బంగారం. నేను కుడిచేత్తో వార్మప్ సరిగ్గా చెయ్యలేని రోజున ఆయన్ని తలుచుకుని సిగ్గుపడుతుంటా.

చార్మినార్_చాయ్

తకాచ్ కథ సూపర్. కానీ థ్రెడ్ పక్కకి పోతోంది.

గగన్ గురించి నాకు నచ్చని సంగతి ఒకటి అంటా, తిట్టకండి. ఖేల్ రత్న రాలేదని బాహాటంగా బాధపడటం ఏంటి? 2010లో సైనాకి ఇచ్చారు, మంచిదే కదా, ఆ అమ్మాయీ మన హైదరాబాదీయే. పతకాలు కొట్టుకుంటూ పోవాలి గానీ అవార్డు కోసం అలగడం ఛాంపియన్‌కి తగునా?

పెల్లెట్_పురాణం

అలిగాడని మీరంటున్నారు, అడిగాడని నేనంటా. క్రికెటర్ అయితే అడగక్కర్లేదు, ఇంటికొచ్చి ఇస్తారు. రైఫిల్ వాడు అడగకపోతే ఎవరికి గుర్తుంటాడు? ప్రపంచ రికార్డు ఉన్నవాడు, 2010 చివరికల్లా రెండు కామన్వెల్త్‌లు కలిపి ఎనిమిది బంగారాలు. 2011లో ఇచ్చారుగా చివరికి. ఇచ్చారంటే అడిగినదాంట్లో న్యాయం ఉన్నట్టే.

బెజవాడ_బాబాయ్

ఈ విషయంలో నేను గగన్ వైపే. నోరున్నవాడిదే ఊరు. అడిగాడు, తెచ్చుకున్నాడు, తర్వాత ఏడాది లండన్‌లో పతకం తెచ్చి చూపించాడు. బాగుంది.

నల్లకుంట_అబ్బాయ్

బాబాయ్ గారు గగన్ వైపా!! ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండి.

లెక్కల_మాస్టారు

ఇంకో ముక్క చెప్పి నేను పడుకుంటా. కెరీర్ అంటే పతకాల దగ్గరే ఆపేస్తున్నారు అందరూ. 2011లో, అంటే తనింకా పూర్తి ఫామ్‌లో ఉండగానే, లండన్‌కి ఏడాది ముందు, పవన్ సింగ్‌తో కలిసి పుణెలో గన్ ఫర్ గ్లోరీ అకాడమీ పెట్టాడు. మనవాళ్ళు రిటైరయ్యాక అకాడమీ పెడతారు, ఈయన ఆడుతూనే తన పోటీదారుల్ని తయారుచెయ్యడం మొదలెట్టాడు. ఎయిర్ రైఫిల్ షూటర్ ఇలవేనిల్ వలరివన్ ఆ అకాడమీ నుంచి వచ్చిందే. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్‌కీ ఆ అకాడమీలోనే శిక్షణ. వినికిడి లోపం ఉన్న అబ్బాయి, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ బంగారం గెలిచాడు. 2024లో మేరీ కోమ్ తప్పుకున్నాక పారిస్ ఒలింపిక్స్‌కి భారత బృందం మొత్తానికి చెఫ్ డి మిషన్‌గా (బృంద సారథిగా) వెళ్ళిందీ గగనే. షూటింగ్‌లో మూడు కాంస్యాలు వచ్చిన ఒలింపిక్స్ అది, మనువి రెండు, ఒకటి సరబ్‌జోత్‌తో కలిసి, ఇంకోటి స్వప్నిల్ కుసాలెది 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో. గగన్ మోసిన ఈవెంటే.

బెజవాడ_బాబాయ్

సరే మాస్టారూ, అకాడమీ సంగతికి వంద మార్కులు ఇస్తా. ఆటగాడిగా మాత్రం నా లెక్క మారదు: బింద్రా తర్వాతే. రికార్డు పుస్తకం వేరు, పోడియం వేరు. మీరు 703.5 చెప్పినప్పుడల్లా నేను బీజింగ్ అంటా.

పెల్లెట్_పురాణం

బింద్రా తర్వాతే అనేదాంట్లో నాకేం అభ్యంతరం లేదు బాబాయ్. నల్లకుంట అబ్బాయి అడిగింది "ఒక్క కాంస్యమేనా" అని. బింద్రా తర్వాతివాడు అనడానికీ, ఒక్క కాంస్యమే అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిదాంతో సంతకం పెట్టేస్తా.

కూకట్‌పల్లి_అమ్మ

అందరికీ థాంక్స్ అండి. ఈ థ్రెడ్ మావారికి చూపించాను, స్థలం అమ్మిన ముక్క దగ్గర ఆగిపోయి నా వైపు అనుమానంగా చూశారు. సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర రేంజ్‌కి ఈ ఆదివారం తీసుకెళ్దామనుకుంటున్నాం. ఒక్క డౌట్. పాప కుడిచేత్తోనే రాస్తుంది గానీ కెమెరాలో చూడాలంటే ఎడమ కన్ను పెడుతుంది. ఇది ఇబ్బందా?

ఒంటిచేతి_పిస్తోలు

భలే గమనించారు అక్కా! మొదటి రోజే కోచ్‌కి చెప్పండి. రెండు చేతులూ చాచి వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారాన్ని రెండు కళ్ళతో చూడమనండి. తర్వాత ఒక్కో కన్ను మూయాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అదే బలమైన కన్ను. చెయ్యి ఒకటి, కన్ను ఇంకోటి అయినా పిస్తోల్లో తల కాస్త తిప్పి సర్దుకోవచ్చు, అలా ఆడేవాళ్ళు చాలామందే ఉన్నారు.

పెల్లెట్_పురాణం

రైఫిల్లో అయితే అంత తేలిక కాదు, చెంప స్టాక్‌కి (రైఫిల్ వెనక భాగానికి) ఆనాలి కదా, కుడి భుజం మీద పెట్టి ఎడమ కన్నుతో చూడటం కుదరదు. కొందరు కోచ్‌లు ఎడమ భుజానికే మార్చేస్తారు, కొందరు ఎడమ కన్నుకి బ్లైండర్ (అడ్డుతెర) పెట్టి కుడి కన్నుకి అలవాటు చేయిస్తారు. ఈ వయసులో రెండూ సాధ్యమే. ఆదివారం బూట్లు మాత్రం అడుగు చదునుగా ఉన్నవి వేయండి, మడమ ఎత్తువి వద్దు. పొద్దున కడుపు నిండా దోసెలు పెట్టి పంపకండి, ట్రయల్‌లో అరగంట నిలబెడతారు.